కొబ్బరిచెట్ల తెరచాప

న్యూజిలాండ్‌లోని ఆల్బనీలో మా వీధి తెలుగు పిల్లలు యూనివర్సిటీలో ఏం చదవాలో తేల్చుకోలేకపోతే, వాళ్ల అమ్మలు నా దగ్గరికి పంపుతుంటారు. ఐటీ, నర్సింగ్, అకౌంట్స్ కాకుండా ఇంకేదో పని చేసి ఈ దేశంలో బతికిన తెలుగావిడ చుట్టుపక్కల నేనొక్కదాన్నే మరి.

"ఆంటీ, మీరేం జాబ్ చేసేవారు?"

"చిరిగిన కాగితాలు అతికించేదాన్ని."

"సీరియస్లీ?"

"సీరియస్‌గానే. దానికి జీతం కూడా ఇచ్చేవాళ్లు."

మా పనిని పేపర్ కన్సర్వేషన్ అంటారు. పాత పటాలు, ఫొటోలు, గోడపత్రికలు, ఇలాంటి కాగితం సరుకంతా ఇంకొంత కాలం బతికేలా చూడటం. నేను కాకినాడలో పుట్టి, హైదరాబాద్‌లో పాత దస్తావేజుల మధ్య పని నేర్చుకుని, డునెడిన్‌లో ఒక మ్యూజియం బేస్‌మెంట్‌లో రిటైరయ్యాను. మధ్యలో చేతికొచ్చిన గొప్ప వస్తువులకు లోటు లేదు. కానీ ఎవరైనా అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఒక బొమ్మ పడవ.

అది నా ఉద్యోగం చివరి ఏడాది. మా మ్యూజియంలో ఒక క్యూరేటర్ ఉండేది. ప్రదర్శనలో ఏం పెట్టాలో, దాని గురించి ఏం చెప్పాలో నిర్ణయించే మనిషి. నాకంటే బాగా చిన్నది, ఆఫీసులో కూడా చెప్పులు వదిలేసి తిరిగే కివీ పిల్ల, అంటే ఇక్కడే పుట్టి పెరిగింది. యుద్ధకాలంలో డబ్బు అనే అంశం మీద పెద్ద ప్రదర్శన తలపెట్టి, నెలల తరబడి అదే ధ్యాసలో ఉంది. ఒకరోజు ట్రేలో ఏదో పెట్టుకుని మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది.

"ఇది ఇన్నేళ్లూ బొమ్మల బీరువాలో పడి ఉంది. చూడండి."

మూరెడు పొడవు చెక్క పడవ. ఒరిగిపోకుండా ఒక పక్కన సన్నటి దుంగ, దాన్ని పడవకి కలుపుతూ పీచు తాళ్లు. తెరచాప మాత్రం గుడ్డ కాదు. కరెన్సీ నోట్లు. ఒకదాని మీద ఒకటి పొరలుగా అతికించి, త్రికోణంగా కత్తిరించి, వెదురు బద్దలకి కట్టారు.

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం పసిఫిక్ దీవుల్ని ఆక్రమించినప్పుడు, అక్కడ చెలామణికి తనే నోట్లు అచ్చు వేయించింది. లెక్క షిల్లింగులు, పౌండ్లలోనే. రాత ఇంగ్లిషులోనే. పేరు మాత్రం జపాన్ ప్రభుత్వానిది. మామూలు నోటుకుండే వరుస నంబరు ఉండదు, రెండక్షరాలు ఉంటాయంతే. బొమ్మ ఏమో సముద్రపు ఒడ్డు, కొబ్బరిచెట్లు. సైన్యం ఉన్నన్నాళ్లూ అది డబ్బు. సైన్యం పోగానే ఉత్త కాగితం.

మా పడవ కిరిబాటి నుంచి వచ్చింది. భూమధ్యరేఖ దగ్గర, మ్యాపులో వెతికితే తప్ప కనబడని దీవుల దేశం. యుద్ధం తర్వాత అక్కడ పనిచేసిన న్యూజిలాండ్ రేడియో ఆపరేటర్ ఒకాయన ఇంటికి తెచ్చుకున్నాడట. ఆయన పోయాక పిల్లలు మ్యూజియంకి ఇచ్చేశారు. మాకు తెలిసింది అంతవరకే.

క్యూరేటర్ తెరచాపని లైటు బల్ల మీద పెట్టించింది. కింది నుంచి వెలుతురు పడేసరికి లోపలి పొరల్లో నోట్లు నీడల్లా కనిపించాయి.

"ఇది పౌండు నోటేమో! ఇంత బాగా ఉన్నది దొరకడం కష్టం. విడదీయగలరా?"

"ఎందుకు తీయలేను?" అన్నాను. అదేగా నా విద్య. జిగురు పిండితో చేసిందని తేలింది. ఒక మూల కాస్త తేమ తగిలించి, ఎముక కత్తితో మెల్లగా పైకి లేపితే అర షిల్లింగు నోటు మూల ఒకటి వెలుగులోకి వచ్చింది. ఇన్నేళ్లు ఎండ తగలకుండా లోపల దాక్కుందేమో, రంగు నిన్న అచ్చేసినట్టు ఉంది. ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం. మిగతావి వచ్చే వారం తీద్దామనుకున్నాం. మా కళ్లకి అక్కడ నోట్లే ఉన్నాయి, పడవ లేదు.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒకమ్మాయి డునెడిన్‌లో మా ఇంటి వెనక ఫ్లాట్‌లో ఉండేది. పప్పుచారు వాసన పట్టుకుని మా తలుపు తట్టి పరిచయమైంది. చదువైపోయాక దూరంగా ఉత్తరాన టౌరంగాలో ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో, నర్సుగా సెటిల్ అయింది. ఆదివారాలు వీడియో కాల్ చేసేది. ఆ ఆదివారం ఊరికే మాటల్లో మా వెబ్‌సైట్‌లో ఉన్న పడవ ఫొటో చూపించాను.

"ఏ దేశందన్నరు ఆంటీ?"

"కిరిబాటి."

"అట్ల రాస్తరు గానీ అట్ల అనరు. కిరిబాస్ అనాలె. మా దగ్గర ఒక తాత ఉన్నడు, అక్కడాయనే. రోజూ నన్ను కరెక్ట్ చేస్తడు. లింక్ పంపుండ్రి, చూపిస్త. తన దేశం బొమ్మ అంటే ఖుషీ అయితడు."

ప్రదర్శన బోర్డు మీద ఆ పేరు ఎలా పలకాలో ఎవరినీ అడగలేదే అనుకుంటూ లింక్ పంపించాను. రెండు రోజుల తర్వాత నేను పనిలో ఉండగా ఫోన్ చేసింది. గొంతు వేరేగా ఉంది.

"ఆంటీ, ఆ పడవ ఆయనదేనట."

"అలాంటివి ఆ దీవుల్లో ఎన్నో ఉండి ఉంటాయమ్మా. పెద్దవాళ్లు పోల్చుకోవడంలో..."

"నేను గూడ గదే అనుకున్న. కానీ ఆయన మస్తు సేపు చూసి, నన్నొకటి అడగమన్నడు. పడవ ఒక కొసకు, తాడు కింద, పంటి గాట్లు ఉన్నయా అని. చిన్నప్పుడు కోపమొచ్చి తనే కొరికిండట."

ఫోన్ పట్టుకునే పడవ ఉన్న గదిలోకి వెళ్లాను. తాడు కాస్త పక్కకి జరిపి భూతద్దం పెట్టాను. గాట్లు ఉన్నాయి. అవి ఉన్న సంగతి నాకు ముందే తెలుసు. పడవ పరిస్థితి గురించి రాసిన నివేదికలో "ఎలుక కొరికిన గుర్తులు" అని తేల్చిందే నేను.

క్యూరేటర్ గదిలోకి వెళ్లి, "మన ఎలుక దొరికింది. టౌరంగాలో ఉంటోంది. ఇంగ్లిష్ మాట్లాడుతుంది" అన్నాను.

సంగతంతా విని ఆ పిల్ల పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. గోడ మీద ప్రదర్శన ప్లాను వేలాడుతోంది. నడిమధ్యన అద్దాల పెట్టె, అందులో విడదీసిన నోట్లు వరసగా. పోస్టర్ కూడా డిజైన్‌కి వెళ్లిపోయింది.

"మిగతావి తీయకుండా ఆగుదాం. ముందు ఆయన్ని కలవాలి," అన్నాను.

"ఆయన విడదీయొద్దంటే?"

ఆమె కాసేపు ప్లాను వంక చూసి, "వెళ్లండి" అంది. డైరెక్టర్ దగ్గరికి తనే వెళ్లి ఒప్పించింది. షరతులు మూడు: చూపించి తిరిగి తీసుకురావాలి, ఎండ తగలకూడదు, తడి అసలే తగలకూడదు.

విమానంలో పడవకి నా పక్క సీటు కొన్నారు. పెట్టెకి సీటు బెల్టు పెడుతూ ఎయిర్‌హోస్టెస్ "ఎవరండీ లోపల?" అని నవ్వింది. "ఒక పిల్లవాడి పడవ, అతనికి చూపించడానికి తీసుకెళ్తున్నాను," అన్నాను. ఆ పిల్లవాడికి తొంభై దగ్గర పడుతున్నాయని చెప్పలేదు.

రెస్ట్ హోమ్ గుమ్మంలోనే ఆయన మనవరాలు నన్ను ఆపింది. కివీ పళ్ల ప్యాక్‌హౌస్‌లో షిఫ్టు సూపర్‌వైజర్‌గా చేస్తుంది, ఆ రోజుకి సెలవు పెట్టింది. బలమైన మనిషి, గొంతు కూడా అంతే.

"తాతతో ఏమైనా సంతకం పెట్టించుకుంటారా?"

"లేదు. ఏ కాగితమూ తేలేదు."

"ఆయన గుండె బాగోలేదు. చేతికిచ్చి, మళ్లీ లాక్కుని వెళ్లిపోతారు కదా? అదే నా భయం."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను చేయబోతున్నది అచ్చంగా అదే. అంతలో మా వరంగల్ అమ్మాయి యూనిఫామ్‌లో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రాండ్రి ఆంటీ. పొద్దుటి నుంచి ఇస్త్రీ చొక్కా ఏసుకుని కూసున్నడు."

పెద్దాయన చక్రాల కుర్చీలో కిటికీ పక్కన ఉన్నాడు. సన్నగా, నిటారుగా. పెట్టె తెరిచి పడవని బల్ల మీద పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. తల వంచి ఒక పక్క నుంచి చూశాడు, కుర్చీ తిప్పించుకుని ఇంకో పక్క నుంచి చూశాడు. తర్వాత గాట్లున్న కొస మీద వేలు పెట్టాడు.

"నాకప్పుడు ముందు పళ్లు కొత్తగా వచ్చాయి," అన్నాడు.

గదిలో అందరం నవ్వేశాం, మనవరాలు కూడా. ఆయన కొంత ఇంగ్లిషులో, కొంత తన భాషలో చెబుతూ ఉంటే, మనవరాలు మాకు విడమరిచింది.

వాళ్ల దీవి చాలా చిన్నది. ఒక పక్క సముద్రపు ఒడ్డున నిలబడి అరిస్తే రెండో ఒడ్డున వినబడేది. సైన్యం వచ్చాక ఆయన తండ్రిని దుంగలు మోసే పనికి తీసుకెళ్లారు. కూలి ఆ నోట్లలో ఇచ్చేవారు. కొట్టులో కొనడానికి ఏమీ ఉండేది కాదు, కొన్నాళ్లకి కొట్టే లేకుండా పోయింది. అయినా తండ్రి నోట్లు దాచాడు. ఎప్పటికైనా ఒక సంచి బియ్యం కొనొచ్చనుకున్నాడు. తర్వాత వీళ్లందరినీ పక్క దీవికి తోలేశారు. ఆ వెనకే యుద్ధం వచ్చి వీళ్ల దీవి మీద పడింది.

"తిరిగొచ్చి చూస్తే ఊరు లేదు. చెట్టు లేదు. మా పడవల తెరచాపలు మొగలాకులతో అల్లేవాళ్లం. ఆకు కోసుకుందామంటే మొక్క లేదు, గుడ్డ అయితే ఒంటి మీదకే లేదు. కొత్తగా వచ్చిన అధికారులు ఈ నోట్లు చెల్లవన్నారు. చాలామంది పొయ్యిలో పెట్టారు."

ఆయన తెరచాప అంచు నిమిరాడు.

"నేను ఏడ్చేవాణ్ణట, పడవ కావాలని. ఆ పరిస్థితిలో పడవ అడిగే పిల్లవాణ్ణి ఏమనాలి? మా నాన్న ఏమీ అనలేదు. కూలిన ఇంటి దూలం ముక్క ఒకటి తెచ్చి చెక్కడం మొదలుపెట్టాడు. తెరచాపకి ఆ నోట్లు తీశాడు. మా అమ్మ బాబాయ్ ఇచ్చింది."

మా వరంగల్ అమ్మాయి నా చెవిలో, "బాబాయ్ ఎవరు ఆంటీ, వీళ్లకు గూడ ఉంటరా?" అంది. మనవరాలు విని పెద్దగా నవ్వింది. బాబాయ్ అంటే వాళ్ల భాషలో చేమదుంప జాతి పెద్ద దుంప. గుంతలు తవ్వి పెంచుకునే తిండి. ఆ రోజుల్లో తినడానికే చాలని దుంపలో ఒక గుప్పెడు తల్లి ఉడికించి జిగురు చేసిందట. నేను మూల విప్పుతూ "నాణ్యమైన పిండి జిగురు" అని మెచ్చుకున్నది ఒక ఇంటి రాత్రి భోజనంలోంచి తీసిన ముద్దని అప్పుడు అర్థమైంది.

పెద్దాయన తెరచాప మీది కొబ్బరిచెట్ల బొమ్మని చూపుడువేలితో చూపించాడు.

"ఆ ఏడాది మా దీవిలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు ఇవే."

తర్వాత ముందుకి వంగి, "ఈ మూల ఎవరు విప్పారు?" అన్నాడు.

"నేనే."

"ఎందుకు?"

లోపల ఏ నోట్లున్నాయో చూడాలనుకున్నామని, విడివిడిగా తీసి ప్రదర్శనలో పెట్టాలనుకున్నామని చెప్పాను. ఆయనకి కోపం రాలేదు. అర్థం కాలేదంతే. మనవరాలిని రెండోసారి అడిగి తెలుసుకుని, నా వైపు తిరిగాడు.

"ఆ నోట్లు ఎందుకూ పనికిరాకే కదా మా నాన్న తెరచాప చేసింది! అప్పుడే వాటికి మొదటిసారి ఒక పని దొరికింది. మళ్లీ నోట్లు చేస్తారా?"

నేను ఎన్నో సెమినార్లలో కూర్చున్నాను. ఒక వస్తువుని ఏ స్థితిలో భద్రపరచాలన్న ప్రశ్న మీద గంటలు గంటలు విన్నాను. అంత సూటిగా ఎవరూ తేల్చి చెప్పలేదు.

"చేయం," అన్నాను. డైరెక్టర్‌ని అడగకుండానే.

ఆయన తల ఊపి, కిటికీలోంచి బయటికి చూశాడు. "గాలి ఉంది. దీనికి ఒక్కసారి గాలి పట్టిస్తారా?"

మనవరాలు నా వంక చూసింది. గుమ్మంలో అన్న మాటే ఆ చూపులో ఉంది. క్యూరేటర్‌కి ఫోన్ చేసి, ఆయన చెప్పిందంతా చెప్పాను.

"గాలి ఎంతుంది?" అంది.

"మెత్తగానే ఉంది. మబ్బు పట్టింది, ఎండ లేదు."

"అతుకులు ఆగుతాయా?"

"నేను విప్పిన మూల అతికిస్తే ఆగుతాయి."

"నీళ్లలో మాత్రం వద్దు."

"వద్దు."

"అయితే వెళ్లండి. డైరెక్టర్‌తో నేను మాట్లాడతాను. పోస్టర్ కూడా ఆపిస్తాను."

రెస్ట్ హోమ్ భోజనాల బల్ల మీదే సామాను పరిచాను. పల్చటి కాగితం చీలిక మీద గోధుమపిండి జిగురు రాస్తుంటే పెద్దాయన ఆసక్తిగా చూస్తున్నాడు.

"ఏం కాగితం అది? గాలికే ఎగిరేలా ఉంది."

చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాను. మా వృత్తిలో ప్రపంచమంతా వాడేది ఒకటే. "జపాన్ కాగితమండీ. ఇంత గట్టి నారతో ఇంకెవరూ చేయలేరు."

ఆయన భుజాలు అదిరేలా నవ్వాడు. "కాగితం అప్పుడు కూడా బాగానే ఉండేది," అన్నాడు.

అతుకు ఆరేదాకా టీ తాగి, మనవరాలి వ్యానులో, అక్కడివాళ్లు మౌంట్ అని పిలిచే కొండ కింద, అలలు లేని వైపు ఒడ్డుకి వెళ్లాం. ఆయన కుర్చీని తడి ఇసుక అంచుదాకా తోశాం. చెప్పులు విప్పమన్నాడు. నీళ్లు వచ్చి ఆయన పాదాలు తాకి వెనక్కి వెళుతున్నాయి. నేను పడవని ఆయన ఒళ్లో పెట్టి, చెయ్యి మాత్రం పూర్తిగా తీయలేకపోయాను. మా వరంగల్ అమ్మాయి మెల్లగా నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇడిసిపెట్టుండ్రి ఆంటీ."

ఆయన రెండు చేతులతో పడవని పైకెత్తి, ఒక పక్కకి తిప్పాడు. మొదట ఏమీ కాలేదు. కాస్త వాలుగా పట్టాడు. అప్పుడు తెరచాప టప్పుమని నిండింది. కాగితం చిరగలేదు. పిల్లి పొట్టలా గుండ్రంగా ఉబ్బి అలాగే నిలిచింది. వెనక నుంచి ఆకాశం వెలుతురు పడి, లోపలి పొరల్లోని చెట్లు కూడా పైకి కనిపించాయి. ఒక తోటంత కొబ్బరిచెట్లు.

ఆయన తన భాషలో కేకలు వేయడం మొదలుపెట్టాడు. "పడవ నడిపేవాళ్లకి ఇచ్చే ఆర్డర్లు అవి. మమ్మల్నే తిడుతున్నాడు, బరువు అటు జరగమని," అంది మనవరాలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది. ఆయన తెరచాప కింది మూలని పడవ ఈ కొస నుంచి ఆ కొసకి మార్చి, పడవని వెనక్కి తిప్పకుండానే ఎదురు దిక్కుకి నడిపించాడు. ఒళ్లోనే, గాలిలోనే.

చేతులు అలిసిపోయాక తనే పెట్టె తెమ్మని, పడవని తనే అందులో పడుకోబెట్టాడు. మనవరాలు ఏదో అనబోయింది. ఆయన ఆమె మోకాలి మీద తట్టాడు.

"ఇది పోలేదమ్మా. నేనే ఇచ్చాను. ఆ రేడియో ఆయన ఇంటికి వెళ్లేరోజు చాలా దిగులుగా ఉన్నాడు, నా దగ్గర ఇవ్వడానికి ఇదొక్కటే ఉంది. అప్పటికి మొగలి మొక్కలు మళ్లీ లేచాయి. మా నాన్న ఇంకో పడవకి ఆకుతోనే తెరచాప అల్లాడు. అది దీనికంటే బాగా పరిగెత్తేది."

ఆ రోజు నేను ఎవరి దగ్గరి నుంచీ ఏమీ లాక్కోలేదు. తిరుగు విమానంలో నిద్ర కూడా పట్టింది.

ప్రదర్శన కొంత ఆలస్యంగా మొదలైంది. నడిమధ్య అద్దాల పెట్టెలో తెరచాప ఎత్తిన పడవ ఒక్కటే పెట్టారు. లోపల పౌండు నోటు ఉందా లేదా అన్నది ఈనాటికీ మాకు తెలియదు. క్యూరేటర్ బోర్డు మీద అదే రాయించింది. ఎలుక గురించి కూడా రాయిస్తానంది గానీ, నేను రిటైరయ్యేదాకా ఆగమని బతిమాలాను. మాట నిలబెట్టుకుంది. నేను రిటైరైన నెలలోనే రాయించింది.

వస్తువుని ముట్టుకునే ముందు మనుషుల్ని వెతకమని నా దగ్గరికొచ్చే పిల్లలకి చెబుతుంటాను. మనుషులు ఎప్పుడూ దొరకరు. దొరికినప్పుడు మాత్రం, మనం రాసిపెట్టుకున్నది కొట్టివేయడానికి పెన్ను దగ్గర ఉంచుకోవాలి.

టౌరంగాలో కిరిబాస్ కుటుంబాల పిల్లలు ఇప్పుడు వేసవిలో బొమ్మ పడవల పందెం పెట్టుకుంటున్నారు. చెక్క ముక్క ఏదైనా సరే, తెరచాపకి మాత్రం ఎందుకూ పనికిరాని కాగితమే వాడాలన్నది పెద్దాయన పెట్టిన రూలు. సూపర్ మార్కెట్ కరపత్రాలు, పాత పరీక్ష పేపర్లు, ఎన్నికల ప్రచార పత్రాలు, అన్నీ నీళ్ల మీద పరిగెత్తుతుంటాయి. మొన్న వేసవిలో నేనూ వెళ్లాను. ఆయన ముని మనవరాలి పడవ అందరికంటే ముందు గీత దాటింది. దాటి ఆగలేదు. మోకాలి లోతు దాటి, కట్టి ఉన్న మరబోట్లు దాటి, ఓడలు వెళ్లే కాలువ వైపు సాగిపోయింది. పట్టుకోవడానికి ఎవరికీ అందలేదు. ఆ పిల్ల గెలిచిన సంగతి మర్చిపోయి, ఏడుస్తూ ఆయన కుర్చీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

ఆయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది తెల్లటి చుక్కయ్యేదాకా చూశాడు.

"తెరచాప దేనితో చేశావు?"

"స్కూల్ న్యూస్‌లెటర్‌తో," అంది వెక్కుతూ.

"బాగా చేశావు. చూడు, ఎంత దూరం వెళ్లిందో!"